ఏకాసన కార్ల పందెములు: కోయంబత్తూరు నుండి మెల్బోర్న్ దాకా

మా ద్వితీయ సంవత్సర విద్యార్థి ఒకడు రాయగిరి, భువనగిరి నడుమ రహదారి మీద స్నేహితునితో పోటీపడి మోటారు సైకిలు నడిపి, కాలు విరుగగొట్టుకొని, ఆ యేటి పరీక్షలకు దూరమైనాడు. అతనిని పరామర్శించడానికి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు మేము నాలుగు మందలింపు మాటలు సిద్ధం చేసికొనియే వెళ్ళినాము. కాని ఆ పనిని అతని తల్లి మాకంటె ముందే, మాకంటె బాగా నిర్వర్తించి ఉన్నది. మేము స్టూలు మీద కూర్చుండి ఏమి మాట్లాడాలో తోచక ఉండగా, ఆ పిల్లవాడు తన ఫోనులో ఒక పందెపు కారు బొమ్మ చూపి అడిగినాడు: "సార్, వీళ్ళు అక్కడిదాకా ఎట్ల పోతరు? ఎవరి దగ్గర పేరు రాయించుకోవాలె?"

మేము సాహిత్యం బోధించేవారము. ప్రబంధాలలోని రథాలను గురించి, అశ్వాలను గురించి గంటసేపు చెప్పగలము గాని, ఆ ప్రశ్నకు మా వద్ద జవాబు లేకపోయినది. అయినా అది మంచి ప్రశ్న. క్రికెట్టు ఆటగాడు కావాలంటే గల్లీలో మొదలుపెట్టి జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు అని దారి చెప్పగల పిల్లలు మా తరగతిలో ముప్పది మంది ఉన్నారు. మోటారు పందెగాడు మాత్రం ఆకాశం నుండి ఊడిపడినట్లే అందరికీ తోస్తుంది. నిజానికి అతడు కూడ మెట్లెక్కియే వస్తాడు. ఆ మెట్లు ఏవి, ఒక్కొక్క మెట్టు మనిషికి ఏమి నేర్పుతుంది, అతని వద్ద నుండి ఏమి అడుగుతుంది అన్న సంగతి కొంత చదివి, కొంత తెలిసినవారిని అడిగి గ్రహించినాము. భారతదేశం నుండి ఫార్ములా వన్ అనే శిఖరానికి మొదట చేరిన నరైన్ కార్తికేయన్ జీవితాన్ని ఉదాహరణగా తీసికొని ఇక్కడ వివరిస్తున్నాము. కమిటీ పెద్దలు కంగారు పడనవసరం లేదు. వ్యాసం చివర పందెపు బాట కోసం నిధులు అడుగబోము.

ముందుగా మాటల అర్థం చూతము. ఒక్క మనిషి మాత్రమే కూర్చుండే, నాలుగు చక్రాలూ దేహానికి వెలుపల ఉండే పందెపు కారును ఏకాసన కారు అంటారు. దానికి తలుపులు లేవు, పైకప్పు లేదు, సామాను పెట్టుకునే చోటు లేదు. నడిపేవాడు దాదాపు పడుకున్న భంగిమలో, భుజాల మీదుగా, నడుము చుట్టూ పట్టీలు బిగించుకొని కూర్చుంటాడు. ఇక 'ఫార్ములా' అనగా సూత్రం. ఇంజను ఎంత పరిమాణంలో ఉండాలి, కారు కనీసం ఎంత బరువు తూగాలి, టైరు ఎంత వెడల్పు ఉండాలి అని ముందుగా ఒక సూత్రం ఏర్పరచి, దానికి లోబడిన కార్లనే ఒక వరుసలో నిలుపుతారు. మా శాస్త్రంలో ఛందస్సు వంటిదే ఇది. గణాలు, యతి, ప్రాస అందరికీ ఒకటే. పద్యం ఎవరిది వారిదే. చిన్న సూత్రాలలో కార్ల నడుమ భేదం తక్కువగా ఉంటుంది కనుక మనిషి నడుమ భేదం బయటపడుతుంది. అందుకే పై తరగతుల జట్లవారు క్రింది తరగతుల ఫలితాలను అంత శ్రద్ధగా చూస్తారు.

తమిళనాట కోయంబత్తూరు పరిసరాలలో ఇంట తెలుగు మాట్లాడే నాయుడు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. విజయనగర, నాయకరాజుల కాలంలో వలస వెళ్ళినవారి సంతతి అది. వారు నల్లరేగడి నేలలో పత్తి పండించినారు; పత్తి నుండి నూలు మిల్లులకు, మిల్లుల నుండి యంత్రాల తయారీకి వచ్చినారు. యంత్రం చెడిపోతే పట్నానికి కబురు పంపి ఎదురుచూచే అలవాటు వారికి లేదు. విప్పి చూచే అలవాటు ఉన్నది. జి.డి. నాయుడు (1893–1974) అటువంటివాడే. పెద్ద చదువులు లేని ఆయన 1920లో పొల్లాచి, పళని పట్టణాల నడుమ ఒక్క బస్సుతో వ్యాపారం ఆరంభించి గొప్ప రవాణా సంస్థను నిర్మించినాడు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి మన దేశంలోనే విద్యుత్ మోటారును తయారు చేయించినాడు. ఆ నేలలో, ఆ తెలుగు నాయుడు కుటుంబాలలో 1977 జనవరి 14న నరైన్ జన్మించినాడు. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ ర్యాలీ పందెములలో జాతీయ విజేత. ర్యాలీ అనగా మామూలు దారుల మీద, మట్టి బాటల మీద కాలాన్ని కొలిచి నడిపే పందెం. ఇంట మోటారు వాసన ఉన్నదన్న మాట దాచవలసిన పని లేదు. ఇటువంటి ఇల్లు లేని పిల్లవానికి దారి ఏది అన్న ప్రశ్నను మేము మరువలేదు. దానికి తరువాత వస్తాము.

అదే కోయంబత్తూరులో ఎస్. కరివర్ధన్ అనే మిల్లు యజమాని ఉండేవాడు. ఆయన స్వయంగా పందెములు నడిపినవాడు, ఇంజనీరు. విదేశాల నుండి పందెపు కారు తెప్పించడం కోటీశ్వరులకే సాధ్యమైన ఆ రోజులలో, 1980ల చివర, ఆయన ఒక ఉపాయం చేసినాడు. దేశంలో ప్రతి వీధిలోను తిరుగుతున్న మారుతీ 800 కారులోని మూడు సిలిండర్ల, 796 సి.సి. ఇంజనును తీసి, తాను తయారు చేయించిన తేలికైన ఏకాసన చట్రంలో అమర్చినాడు. దానికి ఫార్ములా మారుతీ అని పేరు. విడిభాగం కావాలంటే పక్క వీధిలోని దుకాణంలో దొరుకుతుంది. మేస్త్రీకి ఆ ఇంజను కంఠపాఠం. ఈ ఒక్క ఉపాయం వల్ల ఒక తరం యువకులకు మొదటి మెట్టు దొరికినది. కరివర్ధన్ 1995లో ఆకాశయాన ప్రమాదంలో మరణించినాడు. కోయంబత్తూరు వద్ద చెట్టిపాళెంలో ఆ తరువాత నిర్మించిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టినారు. ఈ వ్యాసంలో మాకు అందరికంటె ఎక్కువ నచ్చిన మనిషి ఆయనే అని చెప్పుటకు మేము వెనుదీయము.

పందెం జరిగే చోటు కూడ ఉండాలి గదా. మద్రాసు వద్ద షోలవరంలోని పాత విమానాల బాట మీద ఏళ్ళ తరబడి పందెములు జరిగేవి. 1990 ప్రాంతంలో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు శ్రీపెరుంబుదూరు సమీపాన ఇరుంగాట్టుకోట్టైలో దాదాపు 3.7 కిలోమీటర్ల శాశ్వతమైన బాట నిర్మించినారు. నరైన్ మొదటి పందెం అక్కడే, ఫార్ములా మారుతీలోనే. మొదటిసారే మొదటి ముగ్గురిలో నిలిచినాడు. 1992లో ఫ్రాన్సు దేశంలోని విన్‌ఫీల్డ్ పందెపు పాఠశాలకు వెళ్ళి, అక్కడ నిర్వహించే ఎల్ఫ్ పోటీలో ఉపాంత్య దశదాకా వచ్చినాడు. అప్పటికి వయస్సు పదిహేను. మరుసటి యేడు ఇంగ్లండులో చిన్న తరగతి పందెములు. 1994లో ఫార్ములా ఫోర్డ్.

ఫార్ములా ఫోర్డ్ దగ్గర కొంచెం ఆగుదాము. ఎందుకంటే నడపడం అనే విద్యకు అది అక్షరాభ్యాసం. ఆ కారుకు రెక్కలు లేవు. టైర్లు గాడులున్న సన్నని టైర్లు. ఇంజను మామూలు కుటుంబ కారు ఇంజనుకు దగ్గరి చుట్టం. కనుక కారును నేలకు అదిమి పట్టేది దాని సొంత బరువు ఒక్కటే. ఆ బరువును ఎప్పుడు ముందుకు తేవాలి, ఎప్పుడు వెనుకకు పంపాలి అన్నదే విద్య అంతా.

మన గుట్ట మీదికి పోయే ఘాట్ రోడ్డులో అనుభవజ్ఞుడైన బస్సు డ్రైవరును గమనించండి. అతడు మలుపులో బ్రేకు వేయడు. మలుపుకు ముందే, బస్సు తిన్నగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకుంటాడు, గేరు మారుస్తాడు, స్టీరింగును ఒక్కసారి మెత్తగా తిప్పుతాడు, మలుపు విడుస్తున్నప్పుడే ఆక్సిలరేటరు తొక్కుతాడు. బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రాల మీదికి వస్తుంది. ఆక్సిలరేటరు తొక్కితే వెనుక చక్రాల మీదికి పోతుంది. టైరు దగ్గర ఉన్న పట్టు మా నెలజీతం వంటిది. బ్రేకు కోసం అంతా ఖర్చు పెడితే మలుపు కోసం ఏమీ మిగలదు. మలుపు మధ్యలో భయపడి గట్టిగా బ్రేకు వేసినవాడు జారిపడతాడు. మా విద్యార్థి పడినది సరిగ్గా ఇట్లాగే. "మలుపుల మధ్యల బ్రేక్ కొట్టిన సార్" అని తానే చెప్పినాడు. రెండు చక్రాల వాహనానికి ఆ తప్పు మరీ క్రూరంగా ఉంటుంది.

పందెగాడు ఈ బస్సు డ్రైవరు చేసే పనినే పట్టు అంచుదాకా తీసికొనిపోయి చేస్తాడు. బాట వెలుపలి అంచు నుండి మలుపులోకి దిగి, లోపలి మూలను ఒరసికొని, మళ్ళీ వెలుపలి అంచుకు చేరతాడు. ఆ విధంగా మలుపు యొక్క వంపు తగ్గి, వేగం ఎక్కువ నిలుస్తుంది. ఒక్క మలుపులో పదవ వంతు క్షణం కలిసివస్తే పన్నెండు మలుపుల బాటలో చుట్టుకు ఒక క్షణం దాటుతుంది. ఇరవై చుట్లలో ఎంతో లెక్క వేసుకోవచ్చు.

1994 చివరలో బ్రిటిష్ ఫార్ములా ఫోర్డ్ శీతకాలపు పోటీలలో నరైన్ ప్రథముడైనాడు. ఐరోపాలో ఒక మోటారు పందెపు బిరుదు గెలిచిన మొదటి భారతీయుడు అతడే. అప్పటికి పదిహేడేళ్ళు. 1995లో ఫార్ములా ఏషియాలో కొన్ని పందెములు నడిపి, 1996లో ఆ పోటీ మొత్తానికి విజేత అయినాడు. 1997లో మళ్ళీ ఇంగ్లండు, ఫార్ములా ఓపెల్. డోనింగ్టన్ పార్కులో గెలుపు. ఈ సంవత్సరాల మీద ఎక్కువ చెప్పవలసినది లేదు. ఒక ఖండం నుండి మరొక ఖండానికి తిరగడంలో ధన సౌలభ్యం ఎటు ఉంటే అటు వెళ్ళడం కనబడుతున్నది. మెట్లు వరుసగా ఉన్నా ఎక్కేవాని అడుగులు వరుసగా పడవు.

తరువాతి మెట్టు ఫార్ములా త్రీ. ఇది పాఠశాల నుండి కళాశాలకు రావడం వంటిది. ఇక్కడ కారుకు రెక్కలు వస్తాయి. విమానపు రెక్క గాలిని ఉపయోగించి విమానాన్ని పైకి లేపుతుంది. అదే రెక్కను తలక్రిందులు చేసి కారుకు బిగిస్తే గాలి కారును నేలకు అదుముతుంది. వేగం పెరిగిన కొద్దీ ఈ అదుము పెరుగుతుంది. కనుక కొన్ని మలుపులను మెల్లగా తీసుకుంటే కారు జారుతుంది, వేగంగా తీసుకుంటే నిలుస్తుంది! ఫార్ములా ఫోర్డులో నేర్చిన శరీరబుద్ధి "వద్దు" అంటుంది. లెక్క "పో" అంటుంది. లెక్కను నమ్మి కాలు తీయకుండా ఉండగలవాడే ఇక్కడ నెగ్గుతాడు. మరొక చిక్కు కూడ ఉన్నది. ముందున్న కారు గాలిని చెదరగొట్టడం వల్ల వెనుకవాని రెక్కలకు శుభ్రమైన గాలి అందదు, దాటిపోవడం కష్టమవుతుంది. అందువల్ల పందెపు ముందు రోజు జరిగే కాల పరీక్షలో ఎవరు ముందు వరుసలో చోటు సంపాదిస్తారో వారికే సగం గెలుపు. ఈ దశ నుండి కారులోని యంత్రాలు బ్రేకు ఒత్తిడి, స్టీరింగు కోణం, వేగం అన్నింటిని గీతలుగా గీసి చూపుతాయి. నడిపేవాడు ఇంజనీరు పక్కన కూర్చుండి తన తప్పులను గీతలలో చదువుకోవాలి. అబద్ధం చెప్పుకోవడానికి వీలు లేని చదువు అది.

1998లో కార్లిన్ జట్టుతో నరైన్ బ్రిటిష్ ఫార్ములా త్రీలో కొన్ని పందెములు మాత్రమే నడిపినాడు. 1999లో పూర్తి సంవత్సరం. బ్రాండ్స్ హాచ్‌లో రెండు విజయాలు, మొత్తం మీద ఆరవ స్థానం. ఆ యేడు అదే పోటీలో మూడవ స్థానం పొందిన జెన్సన్ బటన్ నేరుగా ఫార్ములా వన్‌కు వెళ్ళి, 2009లో ప్రపంచ విజేత అయినాడు. 2000లో స్టివార్ట్ జట్టుతో నరైన్‌కు నాల్గవ స్థానం. అతనికి ముందు ఉన్న ముగ్గురు ఆంటోనియో పిజోనియా, తోమాస్ షెక్టర్, టకుమా సాటో. వీరిలో సాటో తరువాతి కాలంలో అమెరికాలోని ఇండియానాపొలిస్ 500 పందెమును రెండుసార్లు, 2017లోను, 2020లోను గెలిచినాడు. ఈ పేర్లు చెప్పడంలో మా ఉద్దేశ్యం ఒక్కటే: శ్రీపెరుంబుదూరులో మారుతీ ఇంజనుతో మొదలుపెట్టిన పిల్లవాడు ఎటువంటివారి నడుమ నిలిచినాడో పాఠకులు గ్రహించాలి. ఆ యేడు బెల్జియంలోని స్పా బాట మీద, కొరియాలోని అంతర్జాతీయ పందెములోను గెలిచినాడు. గోడల నడుమ ఇరుకు వీధులలో జరిగే మకావు పందెములో అందరికంటె ముందు చోటు సంపాదించినాడు. గెలుపు మాత్రం ఆండ్రే కౌటోకు దక్కినది. ఆ మకావు వీధులలో 1983లో సెన్నా, 1990లో షుమాకర్ గెలిచి ఉన్నారు.

ఇక్కడికి వచ్చినవాడు ఫార్ములా వన్ తలుపు దగ్గరికి వచ్చినట్లే. కాని తలుపు దగ్గరికి రావడం వేరు, లోపలికి పోవడం వేరు. 2001 జూన్ 14న సిల్వర్‌స్టోన్‌లో జాగ్వార్ జట్టు కారును నడిపి, ఫార్ములా వన్ కారు నడిపిన మొదటి భారతీయుడు అయినాడు. అదే యేడు జోర్డాన్ జట్టు కూడ పరీక్షించినది. అక్టోబరులో ఇటలీలోని ముజెల్లోలో ఆ జట్టు ప్రధాన చోదకుడు జాన్ అలెసీ కాలానికి అరక్షణం దూరంలోనే ఉన్నాడు. అయినా చోటు రాలేదు. ఆ యేడు జపాన్‌లో ఫార్ములా నిప్పాన్. 2002 నుండి మూడేళ్ళు నిస్సాన్ వరల్డ్ సిరీస్. 2003లో అక్కడ రెండు గెలుపులు, నాల్గవ స్థానం. ఆ యేడే మినార్డి జట్టువారు పరీక్షించి, 2004 సంవత్సరానికి చోటు ఇస్తామన్నారు. కాని జట్టుకు తేవలసిన ధనం సమకూరలేదు. చోటు జారిపోయినది.

ఈ సంగతి చదివినప్పుడు మేము పుస్తకం మూసి కొంతసేపు ఊరక కూర్చున్నాము. సీటు వచ్చియు ఫీజు కట్టలేక వెనుదిరిగిన పిల్లలను మేము ప్రతి జూన్ నెలలోను చూస్తున్నాము. ఇతడు ధనిక కుటుంబంలో పుట్టినవాడే, దేశంలోని పెద్ద సంస్థలు వెనుక నిలిచినవాడే. అయినా ఆ మెట్టు దగ్గర ధనం చాలలేదు. చిన్న జట్లు పెద్ద జట్ల వలె కార్ల కంపెనీల సొమ్ముతో నడవవు కనుక చోదకుడు తన పోషకులను వెంట తెచ్చుకోవాలని అడుగుతాయి. అందులో రహస్యమేమీ లేదు, సిగ్గుపడేదీ లేదు. ఆ వ్యాపారం అట్లా నడుస్తుంది. అయితే దీని వల్ల వేగం గలవారందరూ పైకి రాలేరన్న మాట మాత్రం నిజం. పైకి వచ్చినవారు వేగం లేనివారని అనుకోవడం కూడ అంతే పొరపాటు. ధనం తలుపు తీస్తుంది. కాలమాన యంత్రం దగ్గర అది పని చేయదు.

2005 ఫిబ్రవరి 1న జోర్డాన్ జట్టుతో ఒప్పందం కుదిరినది. టాటా సంస్థ తోడు నిలిచినది. మార్చి 6న ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో నరైన్ కార్తికేయన్ ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్న మొదటి భారతీయుడైనాడు. పన్నెండవ చోటు నుండి బయలుదేరి పదిహేనవవాడుగా ముగించినాడు. ఫార్ములా మారుతీ నుండి అక్కడికి పదమూడేళ్ళు పట్టినవి.

ఆ యేడు జూన్ 19న ఇండియానాపొలిస్‌లో జరిగిన పందెం గురించి కొంత వివరంగా చెప్పాలి. ఎందుకంటే దానిని ఉదహరించి అతనిని చిన్నబుచ్చేవారు నేటికీ ఉన్నారు. ఆ బాటలో ఒక ఏటవాలు మలుపు కలదు. శుక్రవారం నాటి అభ్యాసంలో రాల్ఫ్ షుమాకర్ కారు అక్కడ టైరు చెడి గోడకు కొట్టుకున్నది. మిషెలిన్ కంపెనీ తన టైర్లు ఆ మలుపులో పందెం పొడుగునా నిలుస్తాయని హామీ ఇవ్వలేకపోయినది. మార్గాంతరం కుదరక, పందెం రోజున ముందస్తు చుట్టు పూర్తి కాగానే మిషెలిన్ టైర్లు గల ఏడు జట్ల పద్నాలుగు కార్లు లోపలికి వెళ్ళిపోయినవి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లు గల ఆరు కార్లు మిగిలినవి. రెండు ఫెరారీలు మొదటి రెండు స్థానాలు తీసికొనగా, జోర్డాన్ జట్టులోని టియాగో మాంటేరో మూడవవాడు, నరైన్ నాల్గవవాడు. అతనికి అయిదు పాయింట్లు లభించినవి. ఫార్ములా వన్‌లో పాయింట్లు పొందిన మొదటి భారతీయుడు అతడే.

ఆరుగురిలో నాల్గవ స్థానం గొప్పా అని అడుగుతారు. గొప్ప అని మేము అనము. కాని అందులో తప్పు వెదకడం కూడ న్యాయం కాదు. పోటీదారులు రాకపోవడం అతని చేతిలో లేదు. వచ్చిన కారును చివరి చుట్టుదాకా గోడకు తగలకుండా నడపడం అతని చేతిలో ఉన్నది, అది చేసినాడు. అతని విద్యను కొలవాలంటే ఆ రోజును గాక, ఫార్ములా త్రీ రోజులను చూడాలి. అక్కడ అందరి కార్లూ సమానం, ఎవరూ పందెం విడిచిపోలేదు.

తరువాతి కథ క్లుప్తంగా. విలియమ్స్ జట్టుకు పరీక్షా చోదకుడుగా ఉన్నాడు. దేశాల జట్లు పోటీపడే ఎ1 గ్రాండ్ ప్రి పోటీలో 2007 డిసెంబరున చైనాలోని జుహైలో భారత జట్టుకు తొలి విజయం తెచ్చినాడు. 2010లో పద్మశ్రీ లభించినది. 2011 అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలో మొదటి భారత గ్రాండ్ ప్రి జరిగినప్పుడు సొంత గడ్డ మీద నడిపి పదిహేడవవాడుగా ముగించినాడు. 2012 తరువాత ఫార్ములా వన్ విడిచి, జపాన్‌లో చాలా ఏళ్ళు నడిపినాడు. అతని వెనుక మద్రాసు నుండి కరుణ్ చందోక్ 2010లో ఫార్ములా వన్ చేరినాడు. మద్రాసువాడే అయిన అర్మాన్ ఇబ్రహీం 2009, 2010లలో ఫార్ములా టూ నడిపి, తరువాత అమెరికాలోని ఇండీ లైట్స్‌కు వెళ్ళినాడు. ఇతని తండ్రి అక్బర్ ఇబ్రహీం కూడ పందెగాడు, గురువు. బెంగుళూరు యువకుడు కుష్ మైని 2025లో మొనాకో వీధులలో ఫార్ములా టూ చిన్న పందెమును గెలిచినాడు.

నేటి మెట్లు నరైన్ కాలంలో కంటె తిన్నగా ఉన్నాయి. పిల్లలు ఎనిమిది, పదేళ్ళకే కార్ట్ అనే చిన్న బండితో మొదలుపెడతారు. పదిహేనేళ్ళకు ఫార్ములా ఫోర్. ఆపైన ప్రాంతీయ పోటీలు, ఫార్ములా త్రీ, ఫార్ములా టూ. ఫార్ములా వన్‌లో నడపడానికి ప్రత్యేక లైసెన్సు కావాలి. 2016 నుండి దానికి మూడేళ్ళ ఫలితాలలో 40 పాయింట్లు ఉండాలన్న నియమం వచ్చినది. ఫార్ములా టూలో మొదటి ముగ్గురికి ఒక్కొక్కరికి 40, ఫార్ములా త్రీ విజేతకు 30, ఫార్ములా ఫోర్ విజేతకు 12. మెట్లు దాటి ఎగిరే వీలు తగ్గినది. మన దేశంలో ఫార్ములా ఫోర్ పోటీ 2023 నుండి జరుగుతున్నది. 2024లో మద్రాసు వీధులలో దీపాల వెలుగులో కూడ నడిపినారు. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుసేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ప్రపంచ పందెం, ఫార్ములా ఇ, జరిగినది. ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచినాడు. 2024లో జరగవలసిన పందెం రద్దయినది.

ఇప్పుడు ఆసుపత్రిలోని ప్రశ్నకు రావాలి. "ఎవరి దగ్గర పేరు రాయించుకోవాలె?" నిజాయితీగా చెప్పాలంటే, మద్రాసు, కోయంబత్తూరు పందెపు బాటల వద్ద జరిగే శిక్షణ తరగతులలో పేరు వ్రాయించుకోవాలి. ఆ ఖర్చు భరించిన తరువాత మొదటి మెట్టు ఖర్చు, ఆ తరువాత దానికి ఎన్నో ఇంతల రెండవ మెట్టు ఖర్చు. గుట్ట బస్టాండు దగ్గర పంక్చరు దుకాణం నడిపే తండ్రి కుమారునికి "నీవు కూడ పోగలవు" అని ఉబ్బించి చెప్పడం మాకు చేతకాలేదు. పోలేవని చెప్పడానికీ నోరు రాలేదు. జరిగిన కథను జరిగినట్లు, 2003 సంవత్సరంతో సహా, చెప్పినాము. అతడు మధ్యలో అడ్డు తగలకుండా విన్నాడు. అంతా విని, మేము అనుకోని ప్రశ్న ఒకటి వేసినాడు: "సార్, పక్కన కూర్చొని ఆ గీతలు చదివేటాయన ఏం చదివిండు?"

ఈ ప్రశ్నకు మాకు జవాబు తెలుసు. భౌతికశాస్త్రం, గణితం, ఆపైన ఇంజనీరింగు. ఒక్క చోదకుని వెనుక అటువంటివారు పదుల సంఖ్యలో ఉంటారనీ, పెద్ద జట్లలో వందల సంఖ్యలో ఉంటారనీ, వారు వెంట పోషకులను తేవలసిన పని లేదనీ చెప్పినాము.

కాలి కట్టు విప్పిన పదిహేను రోజులకు అతడు చేతికర్రతో కళాశాలకు వచ్చి, మా భౌతికశాస్త్ర అధ్యాపకుని స్కూటరును, ఆ అధ్యాపకునితో సహా, మైదానంలోకి తీసికొనిపోయినాడు. తాను చెట్టు క్రింద కుర్చీలో కూర్చుండి, ఇద్దరు స్నేహితులకు టేపు ఇచ్చి, సున్నంతో గీత గీయించినాడు. గీత దగ్గర బ్రేకు వేస్తే స్కూటరు ఎంత దూరంలో ఆగుతుందో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో అయిదుసార్లు, 40 వేగంతో అయిదుసార్లు కొలిపించినాడు. వేగం రెండింతలు కనుక దూరం కూడ రెండింతలే వస్తుందని స్నేహితులు పందెం కాసినారట. కొలత దాదాపు నాలుగింతలు వచ్చినది. ఆ కాగితం ఇప్పుడు భౌతికశాస్త్ర ప్రయోగశాల తలుపు మీద అతికించి ఉన్నది. అడుగున అతని సంతకం, దాని క్రింద స్కూటరు నెంబరు ఉన్నాయి.